జుల్మీరా ముడి

కొండ మీంచి దిగే వాగు రంగు చూసి ఇవాళ ఏ వారమో చెప్పగలిగే ఊరు, లిస్బన్‌కి దూరంగా కొండల్లో ఉన్న కొవిల్యా. మిల్లుల్లో ఉన్నికి రంగువేసి కడిగిన నీళ్ళన్నీ ఆ వాగులోకే వస్తాయి. సోమవారం నలుపు, బుధవారం నాచురంగు, సిపాయిల గుడ్డకి ఆర్డరుంటే పదిహేను రోజులపాటు బూడిదరంగు. ఆ వాగులో పట్టిన చేపని కోస్తే లోపలిదాకా చారలుండేవని చెప్పేవాళ్ళున్నారు. అది అబద్ధం; చారలు తోక దగ్గరే ఉండేవి. ఎరుపు మాత్రం ఎప్పుడూ పారేది కాదు. పంతొమ్మిది వందల యాభైల్లో ఎరుపంటే సర్కారులో పైవాళ్ళకి ఒళ్ళు మండేది. మేడే నాడు మెడకి ఎర్ర రుమాలు చుట్టుకున్న పాపానికి ఒక రంగుల పనివాడు ఆరు నెలలు కనబడకుండా పోయాడు. తిరిగొచ్చాక టమాటా తినడం కూడా మానేశాడు.

ఆ ఊళ్ళో, పై వీధి మిల్లులో, ఉత్తరపు కిటికీ పక్క కుర్చీ జుల్మీరాది. వయసు యాభై నాలుగు. మొగుడు ఉన్ని ఉతికే కొట్టులో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై పోయాడు. పిల్లలు లేరు. మగ్గం మీద ఇరవై రెండేళ్ళు నేసి, ఆ తర్వాత పదహారేళ్ళుగా రఫ్ఫు పని చేస్తోంది. మగ్గం దిగిన తానుని ఏటవాలు బల్ల మీంచి వెలుతురుకి అడ్డంగా లాగుతూ వేళ్ళతో తడుముతుంది. ముడి తగిలితే చిమటాతో తీస్తుంది. పోగు తప్పిపోయిన చోట సూదితో కొత్త పోగు నేస్తుంది. ఆమె రఫ్ఫు చేసిన చోటు ఎక్కడో మళ్ళీ చెప్పమంటే ఆమే వెతుక్కోవాలి.

ఆమె వేళ్ళకి ఇంకో పేరు కూడా ఉంది. తెగిన పోగుని మగ్గం దగ్గర ఎవరు ముడేశారో తడిమి చెప్పేస్తుందని. ఒకరు గట్టిగా లాగుతారు, ఒకరు ఉమ్మి తడిపి వేస్తారు, ఒకరు తోక పొడుగ్గా వదిలేస్తారు. "ఈ ముడి వేసినావిడ మూడు రోజులుగా మొగుడితో మాట్లాడట్లే" అని ఒకసారి అంది. నిజమే. ఇంకోసారి "దీనికి నెల తప్పింది" అంది. ఆ ముడి వేసినావిడకి ఆ సంగతి మరో పది రోజులకి గాని తెలియలేదు. మిల్లు మేనేజరు బల్తజార్ గారు కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ఈ రెండు కథలూ చెప్పి, జుల్మీరా కుర్చీని చెయ్యెత్తి చూపించేవాడు.

ఆ నేతముడి వేయడం జుల్మీరా తన తల్లి దగ్గరే నేర్చుకుంది, ఎనిమిదో ఏట. వంటింట్లో ఒకే బల్ల, ఒకే దీపం. దీపానికి అటు తల్లి, ఇటు కూతురు. తల్లి వేళ్ళు చూస్తూ వేసింది, వచ్చింది. తర్వాత తనే వాడకట్టులో ఆడవాళ్ళకి నేర్పింది. మిల్లులో చేరాలంటే రెప్పపాటులో ముడెయ్యడం రావాలి, కనుక ఆదివారం పూజ కాగానే ఆమె వంటింటికి వచ్చేవాళ్ళు. ఒకరు రెండు గుడ్లు తెచ్చేవారు, ఒకరు క్యాబేజీ, చెస్ట్‌నట్ల కాలమైతే ఒక దోసెడు చెస్ట్‌నట్లు. జుల్మీరా వాళ్ళని ఎదురుగా కూర్చోనిచ్చేది కాదు. "మా అమ్మ ఎదురుగా కూచుని నేను మెడ చాపీ చాపీ కొంగనైపోయా. నా పక్కకి రా" అనేది. పాతికేళ్ళలో అలా ఎంతమంది ఆ బెంచీ మీద కూర్చున్నారో ఆమె లెక్క పెట్టుకోలేదు.

ఆ నవంబరులో మిల్లుకి పెద్ద ఆర్డరు వచ్చింది: రాష్ట్ర గార్డు దళానికి కోట్ల గుడ్డ, బూడిదరంగు, చలికాలం కవాతుకి. ఒక మంగళవారం పొద్దున్న జుల్మీరా ఆ గుడ్డలో ఒక తానుని బల్ల మీంచి లాగుతోంది. మొదటి ఉతుకు అయి వచ్చిన తాను. ఎవరు నేశారో చెప్పే చీటీ ఉతుకులోనే ఊడిపోయింది, అది మామూలే. సగం తాను దాటాక, గుడ్డకి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా, ఒకే ఒక్క ఎర్ర పోగు.

రెండు నిమిషాలు దొరికి ఉంటే ఆమె ఆ పోగుని తీసేసి, బూడిద పోగు పెట్టేసేది. ఈ కథ ఉండేది కాదు. కాని బల్తజార్ గారు సరిగ్గా ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.

"అదేంటి?"

"పోగు సార్."

"పోగని నాకూ తెలుసు. ఏం రంగు?"

జుల్మీరా కళ్ళద్దాలు తీసి తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది. "మబ్బుగా ఉంది సార్. వెలుతురు చాల్లేదు."

"నాకు చాలింది."

ఆయన గది తలుపు మూయించి, గొంతు తగ్గించి మాట్లాడాడు. గార్డు దళం కోట్లలో ఎర్ర పోగు! ఇది ఎవరో కావాలని చేసిన పని. శనివారంలోగా ఆ మనిషి పేరు తనకి తెలియాలి. తెలిస్తే ఆ ఒక్క మనిషినీ పనిలోంచి తీసేసి, పేరు గార్డు ఆఫీసుకి రాసి పంపి, చేతులు దులుపుకుంటాడు. తెలియకపోతే వాళ్ళే వస్తారు మిల్లులోకి.

"ఎర్ర పోగు మొదట్లో ఒక ముడి ఉంది. తడుము. ఎవరిది?"

జుల్మీరా చూపుడువేలు ఆ ముడి మీద పెట్టింది. పెట్టగానే తెలిసింది. ముడి తోక కత్తెరతో తెగింది కాదు, పళ్ళతో కొరికింది. చివర రెండుగా చీలింది. ముందు పన్ను కొంచెం విరిగిన మనిషి కొరికితే అలాగే చీలుతుంది. ఆ పన్ను విరిగినప్పుడు జుల్మీరా పక్కనే ఉంది. ఎండిన రొట్టె కొరుకుతూ విరగ్గొట్టుకుంది ఇదలీనా.

"ఈ మబ్బులో వేళ్ళు కూడా మొండికేస్తాయి సార్. మంచు విడిపోనీండి" అంది.

ఆ ఏడు నవంబరు పొగమంచు మామూలుది కాదు. ఆడవాళ్ళు ఉతికిన బట్టలు తాడు మీద వేశామనుకుని మంచు మీదే వేసి వెళ్ళిపోయేవారట. ఎండ వచ్చాక అవి వీధిలో దొరికేవి. కాబట్టి బల్తజార్ గారు ఆ మాట కాదనలేకపోయాడు. "గురువారం దాకా చూస్తా" అన్నాడు.

ఇదలీనా జుల్మీరా ఇంటి కింది వాటాలో ఉంటుంది. ముప్పై ఏళ్ళు నిండలేదు. ఐదు నెలల పిల్ల, మంచం పట్టిన అత్తగారు. మొగుడు ఫ్రాన్సులో పనికని దొంగదారిన వెళ్ళి రెండు ఉత్తరాలు రాశాడు, మూడోది రాయలేదు. సాయంత్రం సైరను కూయగానే జుల్మీరా నేరుగా కింది వాటా తలుపు తోసింది. ఇదలీనా పొయ్యి మీద క్యాబేజీ పులుసు కలుపుతోంది.

"ఒసే ఇదలీనా. ఎర్ర దారం ఎక్కడ కట్టావే?"

ఇదలీనా గరిట ఆపింది. "మగ్గానికేగా కట్టమన్నావు? రోజుకి ఇరవై పోగులు తెగుతున్నాయి, దిష్టి తగిలింది, ఎర్ర దారం కట్టెయ్ అన్నావు. నీ బుట్టలోంచే తీసిచ్చావు కూడా."

"మగ్గం కాలికి కట్టమన్నా."

"కాలేం చేసింది అత్తా? పోగులు తెంపేది నాడె. అందుకని నాడెలో కండె పోగు కొసకే కట్టా."

"కట్టి?"

"కట్టి... పిల్ల ఏడుస్తోందని కబురొచ్చింది. పాలిచ్చి వచ్చి, మగ్గం తిప్పేశా." ఇదలీనా మొహం మెల్లగా తెల్లబడింది. "అయ్యో. లోపలికి పోయిందా?"

"ఈ అంచు నుంచి ఆ అంచుకి. తిన్నగా. నీ జన్మలో అంత తిన్నగా ఇంకో పోగు నెయ్యలేదు."

అత్తగారు మంచంలోంచి అడిగింది: "దిష్టి పోయిందా మరి?"

"పోయింది ఒదినా, మగ్గం వదిలి మనుషులకి పట్టింది."

ఇదలీనా పులుసు పొయ్యి మీంచి దించేసింది. తనే వెళ్ళి చెప్పేస్తానంది. దిష్టి దారమని చెబితే వింటారుగా అంది. జుల్మీరా ఆ మాట అప్పటికే ఆలోచించి ఉంది. బల్తజార్ గారు రోజూ పూజకి వెళ్ళే మనిషి. మనవడి టోపీకి లోపలివైపు ఎర్ర రిబ్బను ఆయన భార్య స్వయంగా కుట్టింది. దిష్టి సంగతి ఆయనకి తెలియక కాదు. కాని గార్డు ఆఫీసుకి రాసే కాగితం మీద దిష్టి అని ఎలా రాస్తాడు?

"నోరు మూసుకుని రేపు పనికి రా. మీ ఆయన దొంగదారిన ఫ్రాన్సు వెళ్ళాడని వాళ్ళకి తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"మరింకేం. ఎర్ర దారం, ఫ్రాన్సులో మొగుడు. వాళ్ళకి కథ కుట్టేసి ఇచ్చినట్టే. నువ్వెళ్ళి బొత్తాలు కూడా పెట్టి రాకు."

బుధవారం బల్తజార్ గారు జుల్మీరాని మళ్ళీ అడగలేదు. ఆమె మబ్బు మీదికి నెట్టిన తీరు ఆయనకి నచ్చలేదు. పట్నంలో పరిశ్రమల బడిలో పాఠాలు చెప్పే లెయోనెల్ అనే కుర్ర ఇంజనీరుని పిలిపించాడు. ఆ ఇంజనీరు చేతిలో భూతద్దం, జేబులో మూడు పెన్సిళ్ళు. ముడిని గంటసేపు చూసి, కాగితం మీద బొమ్మ గీసి, లేచి నిలబడ్డాడు.

"సార్, మీ పని అయిపోయింది. నేతముడిలో కుడి పోగు పైన వేసి ఎడమది కింద తిప్పాలి. తోక కుడికి పడుతుంది. మా పుస్తకంలోనూ అంతే, దేశమంతా అంతే. ఈ ముడి తిరగబడింది. తోక ఎడమకి పడింది. ఇలా వేసే మనిషి మిల్లు మొత్తంలో ఒక్కరుంటారు, మహా అయితే ఇద్దరు. అందరి చేతా ఒక్కో ముడి వేయించండి. నిమిషంలో పట్టుబడుతుంది."

గది మూల కూర్చుని ఇంకో తాను చూస్తున్న జుల్మీరా ఆ మాట విని తన ఒళ్ళో ఉన్న పోగులకేసి చూసుకుంది. ఎవరూ చూడకుండా ఒక ముడి వేసింది. తోక ఎడమకి పడింది. ఇంకోటి వేసింది. ఎడమకే. అమ్మ దీపానికి అటువైపు కూర్చునేది. అమ్మ కుడి చెయ్యి ఆమె ఎడమ చేతికి ఎదురు. నలభై ఆరేళ్ళుగా ఆమె వేస్తున్నది అమ్మ ముడి కాదు, అద్దంలో అమ్మ ముడి.

చిన్నప్పుడు కన్యాస్త్రీల బడిలో రెండేళ్ళు చదివినప్పుడు, ఎడమచేత్తో రాస్తోందని సిస్టరు ఆ చేతిని కుర్చీ కోడుకి కట్టేసేది. ఆ చెయ్యి ఇన్నాళ్ళూ ఇలా కక్ష తీర్చుకుందన్నమాట అనుకుంది. ఊళ్ళో ఇంత పేరున్న మనిషి, ఊరందరికీ ముడి నేర్పిన మనిషి, మొదట్నించీ తప్పు ముడే వేస్తోంది. ఆమె చెవులు వేడెక్కాయి. ఇదలీనా సంగతి ఒక క్షణం మర్చిపోయి, తన పరువు సంగతే ఆలోచించింది. తర్వాత రెండోది గుర్తొచ్చింది: అయితే ఇదలీనా ఒక్కతే కాదు.

గురువారం పది గంటలకి మగ్గాలు ఆపించారు. మగ్గాలు ఆగితే మిల్లులో ఎంత నిశ్శబ్దమంటే, చెవుడు వచ్చిందనుకుని పాత పనివాళ్ళు ఒకరి పేరొకరు గట్టిగా పిలుచుకున్నారు. నలభై ఇద్దరు నేతగాళ్ళు వరసలో నిలబడ్డారు. బల్ల మీద బూడిద పోగులు, ఒక కత్తెర, భూతద్దం. బల్ల వెనక ఇంజనీరు, ఆయన పక్కన బల్తజార్ గారు. జుల్మీరాని సాక్షిగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

మొదట వచ్చింది పెర్పెతువా. గోడలు వినేంత గొంతు, గోడంత మనిషి.

"ముడెయ్యాలా? ఇందుకా మగ్గాలాపారు? పోనీలెండి, నడుం నొప్పి తీరింది."

"మాట్లాడకుండా వెయ్యమ్మా."

పెర్పెతువా ముడేసి, కత్తెరతో తోక కత్తిరించి ఇచ్చింది. ఇంజనీరు భూతద్దం పెట్టి, గబుక్కున తలెత్తాడు. "సార్! దొరికింది."

"నేనా?" అంది పెర్పెతువా. "నన్ను వెతకడానికి భూతద్దమెందుకు బాబూ?"

పక్కకి నిలబెట్టారు. ఆవిడ పక్కకి జరుగుతూ జరుగుతూ ఉండగా బల్ల మీది కత్తెర ఆవిడ ఏప్రను జేబులోకి ఎలా వెళ్ళిందో ఆవిడకీ తెలియదట. రోజూ కత్తెర వాడి జేబులో వేసుకునే చెయ్యి, అలవాటు పడి ఉంటుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ తోకని పళ్ళతోనే కొరికి ఇచ్చారు. ఇంజనీరు పళ్ళ గురించి పట్టించుకోలేదు. ఆయన పుస్తకంలో పళ్ళు లేవు.

రెండో ఆవిడ ముడి: ఎడమకి. మూడోది: ఎడమకి. నాలుగో మనిషి పక్క ఊరి మగవాడు; కుడికి. ఐదు, ఆరు, ఏడు: ఎడమ, ఎడమ, ఎడమ. ఇంజనీరు భూతద్దాన్ని రుమాలుతో తుడిచాడు. భూతద్దంలో తప్పు లేదు. ఇదలీనా పదకొండో మనిషి. ముడి మూడోసారికి గాని పడలేదు. తోక కొరికి ఇచ్చి జుల్మీరాకేసి చూసింది. జుల్మీరా కిటికీలోంచి విడిపోతున్న మంచు చూస్తోంది.

వరస అయిపోయేసరికి బల్ల మీద కుప్పలు రెండు: కుడివి పదకొండు, ఎడమవి ముప్పై ఒకటి.

"ఇదెలా కుదురుతుంది?" అన్నాడు ఇంజనీరు, ఎవరినీ అడగకుండా.

బల్తజార్ గారు వరసకేసి తిరిగాడు. "మీకు ముడి ఎవరు నేర్పారు?"

"జుల్మీరా అత్త" అంది పెర్పెతువా.

"నీకు?"

"జుల్మీరా అత్తే."

"నీకు?"

"మా అమ్మ. మా అమ్మకి జుల్మీరా అత్త."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వరస పొడుగునా పాకింది. బల్తజార్ గారు గొంతు సవరించుకునేదాకా ఆగలేదు. జుల్మీరా నవ్వలేదు. ముప్పై ఒక్కమంది ఎదుట, తన తప్పు కుప్ప పోసి బల్ల మీద పెట్టి ఉంది.

"అంటే ఏళ్ళ తరబడి మా మిల్లులో తిరగబడ్డ ముడులు వేస్తున్నారా?" అన్నాడు బల్తజార్ గారు ఇంజనీరుతో. "అవి ఊడిపోవా?"

ఇంజనీరు ఒక ముడి తీసుకుని లాగాడు. బల్ల అంచుకి కట్టి లాగాడు. చివరికి పెర్పెతువా చేతికిచ్చి లాగమన్నాడు. పోగు తెగింది, ముడి ఊడలేదు. "ఊడవు" అన్నాడు, కొంచెం బాధగానే.

అప్పుడు బల్తజార్ గారికి మిగిలింది ఒక్కటే దారి. ఎర్ర పోగున్న గుడ్డని తెచ్చి జుల్మీరా ఒళ్ళో పరిచాడు. "భూతద్దం పని అయిపోయింది. నీ వేళ్ళ పని మిగిలింది. నీ దగ్గర నేర్చుకున్నవాళ్ళే, నీకు తెలియకుండా ఉండదు. మంచు కూడా విడిపోయింది. ఈ ముడి ఎవరిది?"

హాలంతా ఆమెకేసి చూసింది. ఇదలీనా ఒక్కతే నేలకేసి చూసింది. జుల్మీరా చూపుడువేలు ముడి మీద పెట్టింది. చీలిన తోక వేలికి గుచ్చుకుంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. శనివారం పాదిరీగారి ముందు మోకరిల్లి అన్నీ ఒప్పుకోవాలి, ఆ పాదిరీగారికి చెవుడు కూడా లేదు.

"నాదే సార్" అంది.

"ఏమిటి నీది? నువ్వు మగ్గం దిగి పదహారేళ్ళయింది."

"ముడి నాదే అన్నాను. వేసింది నేనని అన్లేదు."

"వేసిందెవరు?"

"ఈ ముప్పై ఒక్కమందీ నా పక్కన కూచుని నేర్చుకున్నవాళ్ళో, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళో. నా వేలికి అందరూ ఒకటే సార్."

బల్తజార్ గారు ఆమె వేళ్ళకేసి చూశాడు. "నెల తప్పిన సంగతి ముడి తడిమి చెప్పినదానివి. ఇప్పుడు అందరూ ఒకటేనా? అయితే నీ వేళ్ళు మొద్దుబారాయన్నమాట."

ఆ మాట ఒప్పుకుంటే ఏమవుతుందో ఆమెకి తెలుసు. మొద్దుబారిన వేళ్ళకి కిటికీ పక్క కుర్చీ ఉండదు. పదహారేళ్ళ పేరూ ఉండదు. ఇదలీనా నోరు తెరిచింది. పెర్పెతువా ఆమె కాలు తొక్కింది. పెర్పెతువా తొక్కితే నోరు దానంతటదే మూసుకుంటుంది.

"అంతే అనుకోండి సార్" అంది జుల్మీరా. "మొద్దుబారాయి."

ముప్పై ఒక్కమందిని పనిలోంచి తీసేస్తే గార్డు దళం కోట్లు ఇంజనీరు ఒక్కడూ నెయ్యాలి. బల్తజార్ గారు ఆఫీసుకి వెళ్ళి, రాయాలనుకున్న కాగితం రాయలేదు. కాగితాల పెట్టెకి తాళం వేసి వచ్చి, జుల్మీరాతో అన్నాడు: "ఆ పోగు తీసేసి, రఫ్ఫు చేసి పెట్టు. సోమవారం నుంచి ముళ్ళకాయల కొట్టుకి వెళ్ళు."

ఆమె ఆ మధ్యాహ్నమే ఎర్ర పోగు తీసి, బూడిద పోగు ఒక్కో నిలువు పోగుకీ పైకీ కిందికీ పోనిచ్చి నేసింది. బల్తజార్ గారు గుడ్డ వెలుతురుకి పట్టాడు. బొటనవేలితో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా రాశాడు. ఎక్కడుందో దొరకలేదు. మొద్దుబారిన వేళ్ళు అలాంటి పని చెయ్యవని ఆయనకీ తెలుసు. కాని నలభై ఇద్దరి ముందు అన్న మాట. తానుని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ చలికాలం గార్డు దళం ఆ గుడ్డలోనే కవాతు చేసింది, తిన్నగా.

శనివారం పాదిరీగారు ఆమె చెప్పింది విని, "ఒకటే అన్నావు. నిజంగా ఒకటేనా?" అని అడిగాడట. "నేర్పింది ఒకటే ఫాదర్" అందట. మూడు జపాలు చెప్పుకోమన్నాడు. రెండు చాలేమో అని బేరమాడి వచ్చిందని పెర్పెతువా అంటుంది. పెర్పెతువా అక్కడ లేదు.

ముళ్ళకాయల కొట్టు వాగు పక్కన, ఎండ తగలని చోట ఉంటుంది. గుడ్డ మీద నూగు లేపడానికి వాడే ఎండు ముళ్ళకాయల్ని అక్కడ ఏరి, విరిగినవి తీసి, చట్రాల్లో దిగ్గొట్టాలి. మొదటివారం జుల్మీరా వేళ్ళకి నెత్తురొచ్చింది. రెండోవారం చీము పట్టింది. ఇదలీనా రోజూ సాయంత్రం ఆలివ్ నూనె వెచ్చబెట్టి తెచ్చి ఆమె వేళ్ళకి రాస్తూ ఏడ్చేది.

"నా వల్లే కదా అత్తా."

"నూనె రాస్తే రాయి, ఉప్పు నీళ్ళు కలపకు. మండుతోంది."

"నేను చెప్పేసి ఉంటే..."

"చెప్పేసి ఉంటే నీ పిల్లకి నేను పాలియ్యాలి. ఈ వయసులో నాకెక్కణ్ణించి వస్తాయే? ఇంతకీ పోగులు తెగుతున్నాయా ఇంకా?"

"తెగుతున్నాయి."

"అయితే మళ్ళీ దారం కట్టు. ఈసారి బూడిద దారం. దిష్టికి కళ్ళుంటాయి గాని రంగులు తెలీవు."

రఫ్ఫు గదిలో కిటికీ పక్క కుర్చీలో ఇంకో ఆమెని కూర్చోబెట్టారు. ఆమె మంచి పనిమంతురాలే. కాని ఆ చలికాలమంతా రఫ్ఫు గదిలో ఎవరికీ చూపు ఆనలేదట. ముడులు ఉండిపోయాయి, పోగులు తప్పిపోయినచోట తప్పిపోయినట్టే ఉన్నాయి. ఫిబ్రవరిలో లిస్బన్ దర్జీ తొమ్మిది తానులు వెనక్కి పంపించాడు. వాటి మీద సుద్దతో ఎన్ని గుర్తులు పెట్టాడంటే, కొండ మీద మంచు పడినట్టుంది.

పదకొండు వారాల తర్వాత ఒక ఉదయం బల్తజార్ గారు స్వయంగా ముళ్ళకాయల కొట్టుకి వచ్చాడు. గుమ్మంలోనే ఆయన కోటు చెయ్యి చట్రానికి పట్టుకుంది. జుల్మీరా లేచి, ఒక్కో ముల్లూ విడిపించి ఆయన్ని బయటపడేసింది.

"వేళ్ళు ఎలా ఉన్నాయి?"

"పదునెక్కాయి సార్. పదకొండు వారాలు ముళ్ళ మీద అరగదీశారు కదా."

ఆయనకి నవ్వొచ్చింది, కాని మేనేజరు కనుక దగ్గాడు. "రేపు పొద్దున్న కిటికీ దగ్గర కూర్చో."

ఆమె చెప్పింది పూర్తిగా నిజం కాదు. కుడిచేతి చూపుడువేలి చివర స్పర్శ పోయింది, మళ్ళీ రాలేదు. మొదటి రోజు తాను లాగినప్పుడు ముడులు వేలి కిందనుంచి జారిపోయాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎడమచెయ్యి పైకి తీసి గుడ్డ మీద పెట్టింది. ఆ చేతికి వారం రోజులు పట్టింది. ఆ తర్వాత అది కుడి చేతికంటే ఎక్కువ సంగతులు చెప్పేది. ఎవరి ముడి ఏదో ఆమెకి మళ్ళీ తెలిసేది, కాని ఎవరడిగినా "నాకు తెలీదు, మొద్దుబారాయిగా" అనేది. బల్తజార్ గారు కొత్తవాళ్ళకి ఆ రెండు కథలూ చెప్పడం మానేశాడు.

ఇంజనీరు లెయోనెల్ సరైన ముడి బొమ్మని పెద్దగా గీసి, బాణం గుర్తులు పెట్టి, నేత హాల్లో గోడకి కొట్టించాడు. ఇంకొకటి జుల్మీరా ఇంటికే పంపాడు, నేర్పేటప్పుడు వాడుకోమని. ఆమె దాన్ని వంటింట్లో, పొయ్యి పైన గోడకి అంటించింది. మంచి కాగితం, పొగకి ఆగింది.

ఈస్టరు దాటాక, కొండ మీది పల్లె నుంచి ఎర్మెలిందా అనే విధవ మిల్లులో చేరడానికి దిగి వచ్చింది. ముప్పై అయిదేళ్ళ గట్టి మనిషి, మేకల్ని కాసిన చేతులు. ఆదివారం పూజ అయ్యాక ఒక మేక జున్ను పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. జుల్మీరా బల్ల దగ్గరికి రమ్మంది. ఎర్మెలిందా మర్యాదగా బల్లకి అటువైపు, ఎదురుగా కూర్చోబోయింది.

జుల్మీరా ఒక్క క్షణం ఆగింది. తను వేసేది అద్దంలో ముడి. ఎదురుగా కూర్చుని అద్దంలో చూస్తే మళ్ళీ సరైనదే వస్తుంది. ఇంజనీరుగారి ముడి. బొమ్మలోది. తోక కుడికి. ఎర్మెలిందా ఆ పదకొండు మందిలో చేరుతుంది. ఎప్పుడైనా ఎక్కడైనా ఒక పోగు తప్పు పోతే, భూతద్దానికి దొరుకుతుంది.

"అక్కడొద్దు" అంది. బెంచీ మీద జరిగి, తన పక్కన చేత్తో తట్టింది. "ఇటు రా, నా పక్కకి."

ఎర్మెలిందా వచ్చి కూర్చుంది. రెండు పోగులు తీసుకుని, జుల్మీరా వేళ్ళు చూస్తూ, తడబడుతూ తిప్పింది. తర్వాత తలెత్తి పొయ్యి పైన కాగితంకేసి చూసింది.

"అత్తా, బొమ్మలో అటు తిరిగింది. మనది ఇటు తిరిగిందేం?"

"అది చదువుకున్నవాళ్ళ ముడి" అంది జుల్మీరా. "మనది ఇటే. లాగు."